పక్క గదిలో గొంతు ఎందుకు లేవదు?

ప్రశ్న: ఏడో తరగతికి గణితం చెబుతున్నాను. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లవుతోంది. తరగతిలో 42 మంది పిల్లలు. పాఠం బాగా తయారయ్యే వెళ్తాను. చెప్పడం అయ్యాక ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ ముక్తకంఠంతో ‘అర్థమైంది’ అంటారు. తీరా పరీక్ష పెడితే సగం కాగితాలు చూడలేను. పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు వాళ్లను కూర్చోబెట్టడానికే సరిపోతున్నాయి. సాయంత్రానికి గొంతు పోతోంది. ఇదే పిల్లలకు మా సీనియర్ మేడమ్ ఒకరు సైన్స్ చెబుతారు. ఆవిడ గొంతెత్తగా ఎవరూ వినలేదు. పిల్లలకు ఆవిడంటే ప్రాణం, మార్కులూ బాగా వస్తాయి. రహస్యం ఏమిటని అడిగితే ‘ఏముందమ్మా, అదే అలవాటవుతుంది’ అని నవ్వేస్తారు. ఇది పుట్టుకతో రావలసిన విద్యా? నేర్చుకుంటే వచ్చేదైతే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో బాధ ఉంది. ఎవరైనా తప్పు చెబితే మిగతా పిల్లలు నవ్వుతారు. దాంతో నలుగురైదుగురు తప్ప ఎవరూ నోరు విప్పడం లేదు.
— ఒక ఉపాధ్యాయిని

సమాధానం: ఆ మేడమ్ మాట దాటవేశారని అనుకోకండి. ఏళ్ల తరబడి చేసి చేతికి అలవాటైపోయిన పని గురించి అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు. ఆవిడ గదిలోకి వచ్చి ఏం చేస్తారో ఆవిడకన్నా వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడికే బాగా తెలుసు. కాబట్టి మీరూ ఒక పీరియడ్ ఆ వెనక బెంచీలో కూర్చోండి, ఆవిడ అనుమతి తీసుకునే. కూర్చుని ఆవిడను చూడకండి, పిల్లలను చూడండి. గదిలోకి రాగానే వాళ్లు ఏం చేస్తున్నారు? మొదటి మాట ఆవిడ నోట రాకముందే ఎంతమంది పుస్తకం తెరిచారు? ఒక ప్రశ్న అడిగాక ఎంత సేపటికి జవాబు వచ్చింది, ఎవరి దగ్గర నుంచి వచ్చింది? తప్పు జవాబు వచ్చినప్పుడు ఆవిడ తరవాతి మాట ఏమిటి? ఇవి రాసుకోండి చాలు. ఆవిడ హావభావాలూ, చమత్కారాలూ రాసుకోవద్దు. అవి ఆవిడవి, మీకు అమరవు.

పుట్టుకతో రావాలా అని అడిగారు. అక్కర్లేదు. గంభీరమైన కంఠం, ఎత్తైన మనిషి, మంచి మాటకారి అయి కూడా తరగతి నడపలేక సతమతమయ్యేవాళ్లను చూశాను. మూడో వరుసకు వినిపించీ వినిపించని గొంతుతో పాఠం చెప్పి పిల్లల చేత అద్భుతంగా లెక్కలు చేయించేవాళ్లనూ చూశాను. మంచి టీచర్లలో ఒకరికీ ఒకరికీ స్వభావం కలవదు. కలిసేది ఒక్కటే: పిల్లలకు ఏం వచ్చిందో, ఏం రాలేదో వాళ్లు ఊహించుకోరు, కనుక్కుంటారు. నెలకోసారి పరీక్షలో కాదు, పీరియడ్‌లో పది పన్నెండుసార్లు. మిగతా అలవాట్లలో చాలావరకు దీనికోసం ఏర్పడినవే. మీ ఉత్తరంలో మీరు రెండు సమస్యలు రాశారు, అల్లరి ఒకటి, అర్థం కాకపోవడం ఒకటి. నా ఉద్దేశంలో రెండూ ఒకటే. పాఠం అందని పిల్లవాడు నలభై నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవడం పెద్దవాళ్ల వల్ల కూడా అయ్యే పని కాదు.

అయినా గొంతు పోతోందన్నారు కాబట్టి ముందు అల్లరి సంగతి చూద్దాం.

జేకబ్ కూనిన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తరగతి గదులను వీడియో తీసి చూశాడు. కొన్ని గదుల్లో అల్లరి తక్కువ, పని ఎక్కువ. కొన్నింట్లో తలకిందులు. తేడా ఎక్కడుందో వెతికి 1970లో తన ఫలితాలు ప్రచురించాడు. ఆయన మొదట వెతికింది మందలించే పద్ధతిలో. ఎవరు గట్టిగా అరిచారు, ఎవరు బుజ్జగించారు, ఎవరు శిక్షించారు అని లెక్క తీశాడు. దాన్నిబట్టి ఏ గది ప్రశాంతంగా ఉంటుందో చెప్పడం కుదరలేదు. తేడా అంతా అల్లరి మొదలు కాకముందే ఉంది. మంచి టీచరుకు గదిలో ఏ మూల ఏం జరుగుతోందో తెలుసు, తెలుసని పిల్లలకూ తెలుసు. ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు మధ్యలో ఖాళీ ఉండదు. పాఠం ఆపి ఒకణ్ణి తిట్టి, మళ్లీ ‘ఎక్కడున్నాం?’ అని వెతుక్కోవడం ఉండదు. అంటే మీరు ఎలా కోప్పడాలో నేర్చుకోవలసిన అవసరం లేదు. ఎప్పుడు ఖాళీ వస్తోందో చూసుకుంటే సరిపోతుంది.

మీ మొదటి పది నిమిషాలు చూడండి. మీరు వస్తారు, హాజరు తీసుకుంటారు, ‘పుస్తకాలు తీయండి’ అంటారు, నోటుపుస్తకం మరిచిపోయినవాళ్ల సంగతి తేలుస్తారు, నిన్న ఎక్కడ ఆపామో అడుగుతారు. ఇంతసేపూ మీకు చేతినిండా పని ఉంది. పిల్లలకు లేదు. పని లేనివాళ్లు ఏదో ఒకటి కల్పించుకుంటారు. అదే మీరు అల్లరి అంటున్నది.

రేపటి నుంచి బోర్డుకు ఎడమ పక్క, రోజూ అదే చోట, మూడు లెక్కలు రాయండి. ఒకటి నిన్నటి పాఠంలోది, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది. వాళ్లు గదిలోకి వచ్చేసరికి అవి అక్కడ ఉండాలి. ముందు పీరియడ్ ఇంకొకరిదైతే లెక్కలు పెద్ద కాగితం మీద రాసుకుని వచ్చి అంటించండి. మీరు నోరు తెరవనక్కర్లేదు, వాళ్లు కూర్చుని మొదలుపెట్టాలి. ఆ సమయంలో హాజరు మీరు చూపుతోనే వేసుకోండి. పేరు పిలవడం, ‘ప్రెజెంట్’ అనిపించుకోవడం 42 సార్లు జరిగితే అక్కడే నాలుగు నిమిషాలు పోతాయి. తరవాత వరుసల మధ్య నడవండి. ఎవరు ఏ లెక్క దగ్గర ఆగిపోయారో చూడండి.

ఇది మొదటి రోజే కుదరదు, మూడో రోజూ కుదరకపోవచ్చు. ఇక్కడే చాలామంది చెయ్యి వదిలేస్తారు. భిన్నాలు ఒక్కసారి చెప్పగానే వస్తాయని మీరు అనుకోరు కదా, ఇదీ అంతే. చెప్పాలి, చేసి చూపించాలి, సాధన చేయించాలి. అవసరమైతే ఒకరోజు అందరినీ బయటికి పంపి మళ్లీ లోపలికి రమ్మని, కూర్చుని కలం పట్టేదాకా ఎంత సేపు పట్టిందో గడియారం చూసి చెప్పండి. ఏడో తరగతి పిల్లలకు గడియారంతో పందెం అంటే ఇష్టమే. బాగా కుదిరిన రోజున ఆ మాట చెప్పండి. ‘మంచి పిల్లలు’ అని పొగడవద్దు, ‘రెండు నిమిషాల్లో అందరూ మొదలుపెట్టారు’ అనండి. ఏం చేస్తే బాగుందో వాళ్లకు తెలుస్తుంది.

ఆ మూడు లెక్కలు అల్లరి ఆపడానికి మాత్రమే అనుకుంటే సగమే చూసినట్టు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థులకు రెండు పాఠ్యభాగాలు ఇచ్చారు. ఒకదాన్ని రెండోసారి చదవమన్నారు, ఇంకోదాన్ని మళ్లీ చదవకుండా గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తరవాత అడిగితే రెండోసారి చదివినదానిదే పైచేయి, 81 శాతం గుర్తుంది, రాసినదానిలో 75. వారం తరవాత అడిగితే లెక్క తిరగబడింది. చదివినదానిలో 42 శాతం, రాసినదానిలో 56. గుర్తు చేసుకోవడానికి పడే శ్రమే గుర్తుండేలా చేస్తుందన్నమాట. మీ మూడో లెక్క, అంటే పోయిన నెలది, పిల్లలను కాస్త ఇబ్బంది పెడుతుంది. పెట్టనివ్వండి. ‘అది అప్పుడెప్పుడో చెప్పింది కదా’ అని సణుగుతారు. అందుకే అది అక్కడ ఉంది.

వీటికి మార్కులు వేయకండి. వేస్తే పక్కవాడి పుస్తకంలోకి చూపులు మొదలవుతాయి, మీకు అసలు సంగతి తెలియకుండా పోతుంది.

ఇక ‘అర్థమైందా?’ అన్న మీ ప్రశ్న. దాన్ని మానేయండి. నెమ్మదిగా తగ్గించుకోమని అనడం లేదు, రేపే మానేయండి. 42 మందిలో ఒక్క పిల్లవాడు లేచి ‘నాకు అర్థం కాలేదు’ అనాలంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. అదీగాక అర్థం కాలేదని తెలియాలన్నా కొంత అర్థమై ఉండాలి. చాలామంది పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. మీరు బోర్డు మీద చేస్తుంటే ఒక్కో మెట్టూ సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది, తమకు వచ్చేసిందనే అనుకుంటారు. ఇంటికి వెళ్లి కాగితం ముందు కూర్చున్నప్పుడు తెలుస్తుంది. ఆ బృందగానంలో మీకు వినిపించేది తెలిసిన పదిమంది గొంతు, తెలియని ముప్పైమంది మర్యాద. నాడి పట్టకుండా ‘బాగానే ఉన్నారా?’ అని అడిగి వెళ్లిపోయే వైద్యుణ్ణి మనం ఒప్పుకోం.

దాని బదులు ఏం అడగాలి? మీ సబ్జెక్టులోనే చూపిస్తాను. దశాంశాలు చెప్పారనుకుందాం. 0.4, 0.35, 0.125, ఈ మూడింటిలో ఏది పెద్దది? అందరి దగ్గరా పలక గానీ, చిత్తుకాగితం గానీ ఉండాలి. జవాబు రాసి బోర్లా పెట్టాలి, మీరు ‘చూపండి’ అన్నప్పుడు అందరూ ఒకేసారి ఎత్తాలి. కొందరు 0.125 అని రాస్తారు. వాళ్లు దశాంశ బిందువును పట్టించుకోకుండా 125, 35, 4 అని పోల్చారు. వాళ్లు దొరికారు. 0.4 అని రాసినవాళ్లందరికీ వచ్చినట్టేనా? తొందరపడకండి. రెండో ప్రశ్న వేయండి: 0.3, 0.27, 0.45లో ఏది పెద్దది? ఈసారి ఇందాక ఒప్పు రాసినవాళ్లలో కొందరు 0.3 అంటారు. ఎందుకో అడగండి. ‘పదో వంతు వందో వంతు కన్నా పెద్దది కదా, అందుకని అంకెలు తక్కువ ఉన్నదే పెద్దది’ అంటారు. మొదటి ప్రశ్నకు వాళ్ల జవాబు ఒప్పే, కారణమే తప్పు. పైగా ఆ తప్పు మనం చెప్పిన పాఠంలోంచే సగం పట్టుకుని తయారుచేసుకున్నది. చిత్రమేమిటంటే రెండో ప్రశ్నకు 125 పెద్దదన్నవాళ్లు ఒప్పు రాస్తారు, 45 పెద్దది కాబట్టి. రెండు ప్రశ్నలూ పక్కపక్కన పెడితేనే మీ తరగతి మూడు గుంపులుగా విడిపోయి కనిపిస్తుంది. దీనికి మూడు నిమిషాలు పట్టదు. ఇది తెలిశాక మీరు చెప్పబోయే మాట మారుతుంది. ఏ మాట ఎవరికి చెప్పాలో తెలుస్తుంది.

ఇలాంటి ప్రశ్నలు బోర్డు ముందు నిలబడి అప్పటికప్పుడు తట్టవు. అందుకే పాఠం తయారీ అంటే నా దృష్టిలో ఏం చెప్పాలో రాసుకోవడం కన్నా, పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారో రాసుకోవడం ముఖ్యం. ఇది నా ఇష్టం మాత్రమే కాదు. ఫిలిప్ శాడ్లర్, ఆయన సహచరులు 2013లో ప్రచురించిన పరిశోధనలో సైన్స్ టీచర్లకు వాళ్ల విద్యార్థులు రాసే ప్రశ్నలే ఇచ్చారు. రెండు అడిగారు: సరైన జవాబు ఏమిటి, మీ పిల్లలు ఎక్కువగా రాసే తప్పు జవాబు ఏమిటి? పిల్లల్లో బలంగా నాటుకున్న పొరపాటు ఊహలున్న ప్రశ్నల విషయంలో, సరైన జవాబు మాత్రమే తెలిసిన టీచర్ల కన్నా తప్పు జవాబు కూడా చెప్పగలిగిన టీచర్ల దగ్గర పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. మీ మేడమ్‌ను ‘మీ రహస్యం ఏమిటి?’ అని కాకుండా ‘ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారు?’ అని అడిగి చూడండి. నవ్వేసి ఊరుకోరు, అరగంట చెబుతారు. ఆవిడది సైన్స్ కాబట్టి మీ పాఠాల కోసం మీ సబ్జెక్టులో పదేళ్లుగా ఉన్నవాళ్లను అడగండి. మీరు దిద్దిన పాత పరీక్ష కాగితాలు ఉంటే పారేయవద్దు. అంతకన్నా మంచి పుస్తకం దొరకదు.

నోటితో అడిగే ప్రశ్నల్లో ఇంకో చిన్న సంగతి ఉంది. ముందు పేరు పిలిచి తరవాత ప్రశ్న అడిగితే పేరు వినపడగానే మిగతా 41 మందీ సెలవు తీసుకుంటారు. ప్రశ్న అడగండి, ఆగండి, ఆ తరవాత పేరు పిలవండి. ఆ ‘ఆగండి’ అన్నది చెప్పినంత తేలిక కాదు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్స్ తరగతుల టేపులు విని 1970ల్లో చెప్పిందేమిటంటే, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. ఆలోగా జవాబు రాకపోతే ప్రశ్న తిప్పి అడుగుతారు, లేదా ఇంకొకరిని లేపుతారు, లేదా తామే చెప్పేస్తారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడే పిల్లల సంఖ్య పెరిగింది, మౌనంగా నిలబడిపోవడం తగ్గింది. ఇంకో చేదు సంగతి కూడా ఆవిడ గమనించింది. బాగా చదువుతారని టీచరు అనుకునే పిల్లల కోసం ఎక్కువ సేపు ఆగుతారు, రాదనుకునేవాళ్ల కోసం తక్కువ సేపు. ఎక్కువ సమయం కావలసింది ఎవరికో మీకు చెప్పనక్కర్లేదు.

మూడు సెకన్ల మౌనం బోర్డు ముందున్న మనిషికి చాలా పొడవుగా ఉంటుంది. లోపల ‘ఒకటి, రెండు, మూడు’ అనుకోండి, లేదా ఆ సమయంలో రెండడుగులు నడవండి. జవాబు వచ్చాక కూడా ఒక్క క్షణం ఆగండి. మనం వెంటనే ‘వెరీ గుడ్’ అనేస్తే ఆ పిల్ల తన మాటను పొడిగించదు, పక్కవాడు దాన్ని ఖండించడు. చర్చ అక్కడితో అయిపోతుంది.

చేతులు ఎత్తిన వాళ్లనే అడగడం కూడా కొంతకాలం ఆపి చూడండి. మీ నలుగురైదుగురు బాధపడతారు, వాళ్లకు సర్దిచెప్పండి. పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేసి తీస్తే పక్షపాతం అన్న మాట రాదు. అయితే చీటీని గుడ్డిగా నమ్మవద్దు. పాఠం మలుపు దగ్గర ఎవరిని అడగాలో వరుసల మధ్య నడిచినప్పుడే మీకు తెలిసి ఉండాలి.

ఈ మధ్య టీచరు తక్కువ మాట్లాడాలి, పిల్లలే కనుక్కోవాలి అన్న మాట శిక్షణ తరగతుల్లో ఎక్కువగా వినిపిస్తోంది. మీరూ విని ఉంటారు. కొత్త పాఠం విషయంలో దాన్ని అక్షరాలా పాటించవద్దు. బరాక్ రోసెన్‌షైన్ అనే విద్యా పరిశోధకుడు 2012లో సంగ్రహించిన పరిశోధనల్లో ఒకదాని ప్రకారం, గణితంలో మంచి ఫలితాలు సాధించిన టీచర్లు 40 నిమిషాల పీరియడ్‌లో దాదాపు 23 నిమిషాలు చెప్పడం, చేసి చూపడం, ప్రశ్నలు అడగడం, ఉదాహరణలు చేయడంలో గడిపారు. ఫలితాలు బాగా లేనివాళ్లు అందుకు 11 నిమిషాలే ఇచ్చి పిల్లలను లెక్కల మీదకు తోసేశారు. అలాగని 23 నిమిషాలూ ఉపన్యాసం కాదు సుమా. చిన్న ముక్క చెప్పడం, వెంటనే ఒక లెక్క చేయించడం, చూసి సరిచేయడం, ఇంకో ముక్క. మీరు పూర్తిగా చేసిన లెక్క ఒకటి, చివరి రెండు మెట్లు పిల్లలకు వదిలిపెట్టిన లెక్క ఒకటి, ఆ తరవాతే మొత్తం వాళ్లే చేసేది. మీరు చేస్తున్నప్పుడు ఏం రాస్తున్నారో కాక ఎందుకు రాస్తున్నారో పైకి చెప్పండి: ‘ఇక్కడ నాకు రెండు దారులున్నాయి, ఇది ఎందుకు ఎంచుకున్నానంటే...’ అని.

ఎప్పుడు ముందుకు వెళ్లాలి అన్నదానికి రోసెన్‌షైన్ దగ్గరే ఒక కొలత దొరుకుతుంది. నాలుగో తరగతి గణితంలో జరిగిన ఒక అధ్యయనంలో మంచి ఫలితాలున్న గదుల్లో పిల్లల జవాబులు 82 శాతం సరైనవి, ఫలితాలు తక్కువున్న గదుల్లో 73. పదిలో ఎనిమిది ఒప్పులు వస్తుంటే కదలవచ్చు. మీ గదిలో పలకలు ఎత్తినప్పుడు 42కి 34 ఒప్పుంటే ముందుకు వెళ్లండి, మిగిలిన ఎనిమిది మందిని మిగతావాళ్లు సాధన చేస్తున్నప్పుడు దగ్గరకు పిలవండి. ఇరవై మందికే వస్తే ఆ రోజు పాఠం అక్కడే ఆగాలి. సిలబస్ వెనకబడుతుందని మీకు భయం ఉంటుంది, మీ ప్రధానోపాధ్యాయులకు ఇంకా ఎక్కువ ఉంటుంది. కానీ రాని పాఠం మీద కట్టిన పాఠం రేపు మళ్లీ చెప్పవలసిందే. సిలబస్ ముందుకు పోయేది మీ డైరీలో మాత్రమే.

నోట్సు దిద్దడం గురించి మీరు అడగలేదు కానీ, 42 పుస్తకాలు ఇంటికి మోసుకెళ్తున్నారని నా అనుమానం. కాస్త తగ్గించండి. 1988లో రూత్ బట్లర్ చేసిన ప్రయోగంలో పిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు మార్కులు, ఇంకొకదానికి సూచనలు, మూడోదానికి మార్కులూ సూచనలూ రెండూ. మెరుగుపడింది సూచనలు మాత్రమే అందుకున్న గుంపు. రెండూ ఇచ్చినవాళ్లు మార్కు చూసుకుని పుస్తకం మూసేశారు కాబోలు, ఆ సూచనలు రాసిన శ్రమ వృథా అయింది. అన్ని లెక్కలకూ ఎర్ర టిక్కులు పెట్టే బదులు, పీరియడ్ చివరి మూడు నిమిషాల్లో ఒకే ఒక ప్రశ్న చీటీ మీద రాయించుకుని తీసుకోండి. స్టాఫ్ రూములో కూర్చుని మూడు కుప్పలు పెట్టండి: వచ్చింది, సగం వచ్చింది, రాలేదు. ఎంత సేపూ పట్టదు. రేపు బోర్డు మీద రాయవలసిన మొదటి లెక్క ఆ రెండో కుప్పలోంచి వస్తుంది.

గది నిండా రంగు కాగితాలు, చార్టులు, ప్రతి పాఠానికి ఒక ఆట, ఇవేవీ తప్పు కాదు. తీరిక ఉంటే చేయండి. ఒక్కో పిల్లవాడు ఒక్కో రకంగా నేర్చుకుంటాడని, చూసి నేర్చుకునేవాడు, విని నేర్చుకునేవాడు అని విడదీసి వేర్వేరుగా పాఠం తయారుచేయమని ఎవరైనా చెబితే మాత్రం మర్యాదగా విని వదిలేయండి. అలా విడదీసి చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008లోనే కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశీలించి తేల్చారు. ఆ సాయంత్రాలు మీకు వేరే పనికి కావాలి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. బోర్డు మీద మూడు లెక్కలు కుదిరేదాకా ఇంకోటి ముట్టుకోవద్దు. మూడు వారాలు పట్టినా పరవాలేదు. అవి కుదిరితే మీ గొంతు మిగులుతుంది, ఆ తరవాత పలకలు. వేచి ఉండడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, దానికి పిల్లల సహకారం అక్కర్లేదు.

చివరగా నవ్వుల సంగతి. మొదటిసారి నవ్వు వినపడినప్పుడు పాఠం ఆపండి. కోపం వద్దు, ముఖం మాత్రం మార్చండి. ‘ఈ గదిలో జవాబు చెప్పినవాళ్లను చూసి నవ్వడం ఉండదు’ అని ఒక్క వాక్యం చెప్పి పాఠంలోకి వెళ్లిపోండి. రెండోసారి నవ్వితే నవ్విన పిల్లవాణ్ణి పీరియడ్ అయ్యాక విడిగా పిలిచి మాట్లాడండి, అందరి ముందూ వద్దు. అందరి ముందూ అంటే అతనికి అది నాటకం అవుతుంది, మీరు అందులో పాత్ర అవుతారు. కానీ నవ్వును ఆపేది మందలింపు కన్నా తప్పు జవాబుతో మీరు ఏం చేస్తారన్నదే. మీరు ‘తప్పు, కూర్చో’ అని ఇంకొకరి వైపు తిరిగితే, నవ్వవచ్చని పిల్లలకు మీరే సైగ చేసినట్టు. 0.125 పెద్దదన్న అమ్మాయిని కూర్చోబెట్టకండి. ఆ సంఖ్యను బోర్డు మీద రాయండి. ‘ఇలా అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. ఎందుకు అనిపిస్తుందో ఎవరు చెబుతారు?’ అని మిగతావాళ్లను అడగండి. పలకలు ఎత్తినప్పుడు అదే జవాబు ఇంకో పదకొండు మంది దగ్గర కనిపిస్తే నవ్వేవాళ్లు ఎలాగూ తగ్గిపోతారు, ఎందుకంటే నవ్వినవాళ్లలో సగం మంది పలక మీదా అదే ఉంటుంది. తరవాత ఆ అమ్మాయి దగ్గరికే తిరిగి రండి. వివరణ అయ్యాక ఇంకో ప్రశ్న ఆమెకే ఇవ్వండి, 0.6, 0.58 లాంటిది, ఈసారి ఆమె ఒప్పు చెప్పి కూర్చునేలా చూడండి.